లినక్స్: కరెంటు పోయి వచ్చినా.. లాగిన్ లేకుండానే ప్రోగ్రామ్ ఆన్!
నరసరావుపేటలోనో, మాచర్లలోనో ఓ షాపు సీసీ కెమెరాల రికార్డింగ్ లినక్స్ కంప్యూటర్‌లో నడుస్తోందనుకోండి. అర్ధరాత్రి కరెంటు పోయి వచ్చింది. సిస్టమ్ ఆన్ అయింది, కానీ లాగిన్ చేసేవాళ్లు లేరు. స్టార్టప్ అప్లికేషన్స్‌లో పెట్టిన ప్రోగ్రామ్ లాగిన్ అయ్యాకే మొదలవుతుంది. అంటే తెల్లారేదాకా రికార్డింగ్ లేనట్టే!

దీనికి మార్గం సిస్టమ్‌డీ. 2015 నుంచి డెబియన్, ఉబుంటుల్లో డిఫాల్ట్‌గా వస్తోంది. ఇలా చేయండి:

• ఈటీసీలోని సిస్టమ్‌డీలో ఉండే సిస్టమ్ ఫోల్డర్‌లో సర్వీస్ ఫైల్ రాయాలి.
• ఎగ్జెక్‌స్టార్ట్‌లో ప్రోగ్రామ్ పూర్తి పాత్ ఇవ్వాలి.
• యూజర్ పేరు తప్పనిసరిగా రాయండి. లేకుంటే రూట్ అధికారాలతో నడుస్తుంది.
• వాంటెడ్‌బై దగ్గర మల్టీ-యూజర్ టార్గెట్ పెట్టాలి.
• చివరగా సిస్టమ్‌సీటీఎల్ ఎనేబుల్ కమాండ్ ఇవ్వాలి.

కరెంటు రాగానే కంప్యూటర్ దానంతటదే ఆన్ అయ్యే ఆప్షన్ బయోస్‌లో ఉందో లేదో కూడా చూసుకోండి. ఒకసారి రీబూట్ చేసి, లాగిన్ కాకుండా చెక్ చేస్తే సరి!