ముద్రలు, కలంపేర్లు, ఆకాశరామన్నలు

మన చాటువుల్లో చాలావాటికి కర్త ఎవరో తెలియదు. ప్రభువుల పిసినారితనాన్ని ఎత్తిపొడిచిన పద్యం నోటినుంచి నోటికి పాకిందే కాని, చెప్పినవాడు చిక్కలేదు. క్షేత్రయ్య మువ్వగోపాల ముద్ర వేసి తన బదులు దేవుణ్ణి ముందు నిలబెట్టాడు. వేమన సంగతి మరీ విచిత్రం. ప్రతి పద్యంలోనూ పేరుంది, అయినా ఏది ఆయనదో, ఏది తరవాతివాళ్లు అల్లి మకుటం తగిలించిందో 1829లో బ్రౌన్ దొర అచ్చు వేయించిన తరవాత కూడా తేలలేదు.

అచ్చు విస్తరించేసరికి సర్కారుకు పేరు కావలసివచ్చింది. బ్రిటిషిండియాలో 1867 నాటి చట్టం ప్రతి పుస్తకం మీదా, పత్రిక మీదా ముద్రాపకుడి పేరూ, అచ్చయిన చోటూ ఉండాలంది. రాసినవాడు ఎవరైనా కానీ, పట్టుకోవడానికి ఒకడు దొరకాలన్నది దొరల లెక్క. ఆ నీడలోనే కలంపేర్లు వర్ధిల్లాయి. పురాణం సుబ్రహ్మణ్యశర్మ ‘పురాణం సీత’ అయి ఇల్లాలి ముచ్చట్లు చెప్పారు. బీనాదేవి అంటే భార్యాభర్తలిద్దరు. 1965లో దిగంబర కవులు ఆరుగురూ పాత పేర్లు వదిలేసి వచ్చారు. బద్దం భాస్కరరెడ్డి చెరబండరాజయ్యాడు, వీరవెల్లి రాఘవాచార్యులు జ్వాలాముఖి అయ్యాడు. కులం తోకలు రాలిపోవడమే ఆ పేర్లలోని అసలు తిరుగుబాటని నాకనిపిస్తుంది. అలాగని వాళ్లేమీ దాక్కోలేదు. చెరబండరాజు ఆ పేరుతోనే జైలుకూ వెళ్లాడు. పత్రికలు కథను కలంపేరుతో వేసినా హామీపత్రంలో అసలు పేరూ, చిరునామా అడిగేవి. ఆకాశరామన్న ఉత్తరం మటుకు చెత్తబుట్టకే.

ఇంటర్నెట్ కలంపేర్లనూ, ఆకాశరామన్నలనూ కలగలిపేసింది. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాలో అసలు పేరు ఎవరూ అడగరు. దిద్దిన ప్రతి అక్షరమూ చరిత్ర పేజీలో నిలిచిపోతుంది, ఏళ్ల తరబడి చేసిన పనే సభ్యనామానికి పరువు తెస్తుంది. సోషల్ మీడియా వచ్చాక ఆకాశరామన్నలు పెచ్చుమీరారు. ముసుగు చాటు బూతులకు ఆడవాళ్లే ఎక్కువ బలవుతున్నారన్నది కాదనలేం. అయితే పేరడిగితే తీరుతుందా? దక్షిణ కొరియా 2007లో పెద్ద వెబ్‌సైట్లలో రాసేవాళ్లు గుర్తింపు చూపాలంది. 2011లో అక్కడి ఒక సంస్థనుంచి దాదాపు 3.5 కోట్లమంది వాడుకరుల వివరాలు దొంగలపాలయ్యాయి. 2012లో రాజ్యాంగ న్యాయస్థానం ఆ నిబంధనను కొట్టేసింది. ఇంటిపేరుతో కులం పసిగట్టే మన దేశంలో అసలు పేరు తప్పనిసరి చేస్తే, ముందు నోరు మూసుకునేది బూతులు తిట్టేవాడు కాదు.

మనవాళ్లు అంతదూరం పోలేదు. 2021 ఐటీ నిబంధనలు పెద్ద సోషల్ మీడియా సంస్థల్లో ఇష్టమున్న వాడుకరికే ధ్రువీకరణ అన్నాయి. కాని ఒకప్పుడు అచ్చు వేసినవాడు దొరికితే చాలనుకున్న సర్కారు, అవే నిబంధనల్లో మెసేజి మొట్టమొదట పంపినవాణ్ణి చూపించమంది. దానిమీదే వాట్సాప్ ఢిల్లీ హైకోర్టు గడప తొక్కింది.