తండ్రి మొక్క కోసం వెతుకులాట: నార గంజాయి విత్తన చరిత్ర

వరి విత్తనం దాచుకునే రైతుకు పెద్ద దిగులుండదు. వరి తన పుప్పొడితోనే గింజ కడుతుంది. మేలైన వెన్నులు ఏరి దాచుకుంటే మరుసటి ఏడు దాదాపు అదే పంట. గంజాయి జాతి మొక్క దగ్గర ఈ లెక్క చెల్లదు. ఇందులో మగ, ఆడ మొక్కలు వేరు. పుప్పొడి గాలికి కొట్టుకుపోతుంది. స్పెయిన్ దక్షిణ తీరంలోని మాలగా నగరపు గాలిలో దొరికిన గంజాయి పుప్పొడి సముద్రానికి అవతల మొరాకో నుంచి వచ్చిందని 1990లలో పరిశోధకులు తేల్చారు. రైతుకు కనబడేది గింజ మోసిన తల్లి ఒక్కటే. తండ్రి ఏ పొలంలోదో తెలియదు. నార కోసం, గింజల నూనె కోసం తరతరాలుగా ఈ పంట పండించినవారి విత్తన చరిత్ర అంతా ఆ తండ్రిని అదుపులో పెట్టుకోవడానికి పడిన పాట్ల చరిత్రే.

ఈ సంగతి మొదట గ్రహించి రాసిపెట్టినవారిలో చైనీయులున్నారు. 6వ శతాబ్దంలో జియా సిసియే రాసిన వ్యవసాయ గ్రంథం ‘చిమిన్ యావొషు’ నార పంటకూ గింజ పంటకూ వేర్వేరు పద్ధతులు చెబుతుంది. గింజ కావాలంటే మగ మొక్కలు పుప్పొడి రాల్చాకే పీకాలని, ముందే పీకితే గింజ కట్టదని అందులో ఉంది. ఐరోపాలో చాలాకాలం గింజ మోసే బలమైన మొక్కనే మగదనుకున్నారు. మొక్కల్లోనూ ఆడ, మగ ఉంటాయని జర్మనీలోని ట్యూబింగెన్‌లో కమెరారియస్ ప్రయోగాలతో చూపింది 1694లో.

సిద్ధాంతం ఆలస్యమైనా సాగులో కిటుకులు ఆగలేదు. మంచి నార రావాలంటే గింజ ముదరక ముందే కోయాలి. అంటే నార పండించే రైతుకు విత్తనం మిగలదు. అందుకే ఇటలీలో నారకు పేరుపడ్డ బొలోన్యా, ఫెరారా ప్రాంతాలకు పడమరన ఉన్న పీడ్‌మాంట్‌లోని కార్మన్యోలా నుంచి విత్తనం వచ్చేది. ఊరి పేరే వంగడానికీ స్థిరపడింది. అమెరికాలో ఆ పాత్ర కెంటకీ నది లంకల రైతులది. చైనా నుంచి తెచ్చిన విత్తనాన్ని అక్కడి నేలకు అలవాటు చేసి, ఎడంగా కుదుళ్లలో నాటి, మగ మొక్కల పని అయ్యాక వాటిని కోసేసేవారు. దేశం మొత్తానికీ దాదాపు వాళ్లదే విత్తనం. మన దగ్గర మత్తు పంటలో పని దీనికి తలకిందులు. 19వ శతాబ్దపు బెంగాల్‌లోని నౌగావ్‌లో పొద్దార్ అనే నిపుణుడు కూలికి వచ్చి, పుప్పొడి రాలక ముందే మగ మొక్కలన్నిటినీ ఏరేసేవాడు. అక్కడ గింజ పడితే సరుకు చెడినట్టే.

అయితే మగ మొక్కను ఉంచాలా తీసేయాలా అన్న దగ్గరే పాత రైతు నేర్పు ఆగిపోయింది. ఉన్న మగ మొక్కల్లో ఏది మేలైనది అన్న ప్రశ్న 20వ శతాబ్దానిది. అమెరికా వ్యవసాయ శాఖలో లిస్టర్ డ్యూయీ 1912 నుంచి వర్జీనియాలోని ఆర్లింగ్టన్ క్షేత్రంలో ఏటా మేలైన మొక్కల నుంచే విత్తనం తీస్తూ కిమింగ్టన్, చింగ్టన్, ఫెరామింగ్టన్ వంటి వంగడాలను నిలబెట్టాడు. జర్మనీలో బ్రెడెమాన్ ఇంకో అడుగు ముందుకేశాడు. పూత విడవక ముందే మగ మొక్క కాండాన్ని నిలువునా చీల్చి, ఒక సగంలో నార ఎంతుందో కొలిచేవాడు. రెండో సగం పొలంలోనే బతికి ఉండేది. నార తక్కువైనవాటిని పీకేసి, ఎక్కువున్న మగ మొక్కల పుప్పొడి మాత్రమే ఆడ మొక్కలకు చేరనిచ్చాడు. సుమారు మూడు దశాబ్దాల్లో కాండంలో నార వాటా రెట్టింపు దాటింది. తండ్రిని ఎంచుకుంటే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

తర్వాత ఒకే మొక్కపై ఆడ, మగ పూలు రెండూ పూసే రకాలు జర్మనీ, ఫ్రాన్స్, సోవియట్ యూక్రెయిన్‌లలో వచ్చాయి. పంటంతా ఒకేసారి కోతకు రావడం వాటి సుగుణం, నిలకడ లేకపోవడం వాటి లోపం. మన విత్తన రైతులు కేళీలనే బెరుకు మొక్కల్ని ఏరినట్టే వీటిలో విడి మగ మొక్కల్ని తరం తరం ఏరకపోతే కొన్ని తరాల్లోనే పాత గుణం తిరగబెడుతుంది. అందుకే ఇలాంటి రకాల మూల విత్తన క్షేత్రానికి ఐరోపా నిబంధనలు 5,000 మీటర్ల వేర్పాటు దూరం విధించాయి. మత్తు పదార్థం టీహెచ్‌సీకి చట్టం పరిమితి పెట్టాక శుద్ధి మరీ అవసరమైంది. పొరుగు పుప్పొడి ఆ పరిమితిని దాటించగలదు. దాంతో అక్కడ ప్రభుత్వ సాయం కోరే రైతు ధ్రువీకరించిన విత్తనమే చల్లాలి. ఇంటి గింజ చెల్లదు. రైతు చేతిలో ఉన్న ఎంపిక సంస్థల చేతికి పోయింది.

సంస్థల చేతిలోనూ పూర్తి భద్రత లేదు. ఈ గింజలో నూనె ఎక్కువ. మామూలు గదిలో కొన్నేళ్లకే మొలక శక్తి పోతుంది. శీతల గిడ్డంగిలో పెట్టినా అప్పుడప్పుడు బయటికి తీసి, ఒక్కో రకాన్నీ విడివిడిగా, తగినన్ని మొక్కలతో మళ్లీ పండించాలి. నాలుగు మొక్కలతో సరిపెడితే రకంలోని వైవిధ్యం కొంత జారిపోతుంది. సోవియట్ యూనియన్ కూలి నిధులు అడుగంటినప్పుడు సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని వావిలోవ్ సంస్థ దాచిన వందలాది నార గంజాయి రకాలకు ఈ గండమే వచ్చింది. 1990లలో ఆమ్‌స్టర్‌డామ్ కేంద్రంగా ఉన్న అంతర్జాతీయ హెంప్ (నార గంజాయి) సంఘం డబ్బు పోగుచేసి వాటిని మళ్లీ పండించడానికి తోడ్పడింది.

డ్యూయీ వంగడాలకు అలాంటి ఆసరా దొరకలేదు. 1933లో ఆ కార్యక్రమం ఆగింది, తర్వాత విత్తనమూ మిగల్లేదు. 1937లో వచ్చిన గంజాయి పన్ను చట్టంతో అమెరికాలో సాగు కుంగింది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో కొన్నాళ్లు లేచినా 1950ల చివరికి పూర్తిగా ఆగింది. ఒకప్పుడు దేశానికంతటికీ విత్తనమిచ్చిన కెంటకీ 2014లో ప్రయోగాత్మక సాగుకు ఇటలీ నుంచి 250 పౌండ్ల గింజలు తెప్పించుకుంది. అధికారులు వాటిని అడ్డుకుంటే కోర్టుకెక్కి విడిపించుకోవాల్సి వచ్చింది. వంగడం గింజలో దాగి ఉండే నిధి కాదు, ఏటేటా కొనసాగే పని. ఆ పని ఒక తరం మానేస్తే తర్వాతి తరం ఎంత డబ్బు పోసినా అదే రకాన్ని తిరిగి కొనలేదు.