ఏటి చేపలో సగపాలు

సముద్రమునుండి ఏటికి ఎదురీది వచ్చు చేప యెవరిది? వరద గోదావరిలో పులసకై కాచుకొని యుండు మన జాలరులకు ఈ ప్రశ్న క్రొత్తది కాదు. అమెరికా వాయవ్యమున నున్న వాషింగ్టన్ రాష్ట్రములో ఇది తరతరముల వ్యాజ్యమైనది.

1854 డిసెంబరు 26వ తేదీన మెడిసిన్ క్రీక్ అను వాగు చెంత గవర్నరు ఐజక్ స్టీవెన్సు నిస్క్వాలీ, పుయాలప్ మొదలగు ఆదివాసులతో ఒక ఒడంబడిక చేసికొనెను. దానిని వారికి వివరించినది చినూక్ అను బేరసారాల సంకరభాషలో. ఆ భాషకున్న మాటలు కొన్ని వందలే. ఆదివాసులు తమ నేలలో చాల భాగమును వదలుకొనిరి. అలవాటైన తావులలో తక్కిన పౌరులతో ఉమ్మడిగా చేపలు పట్టుకొను హక్కును మాత్రము వదలలేదు.

స్టీల్‌హెడ్ అనునది ట్రౌట్ జాతి చేప. ఏటిలో పుట్టి, సముద్రమున పెరిగి, గ్రుడ్లు పెట్టుటకు మరల ఏటికే వచ్చును. గాలమునకు చిక్కినపుడు అది చేయు పెనుగులాట వినోదమునకై చేపలు పట్టువారికి పెద్ద పండుగ. రాష్ట్రప్రభుత్వము దీనిని వేటచేపగా నిర్ణయించి, ఏటిలో వలలను నిషేధించెను. వల వేసినందుకు 1945లో 14 ఏండ్ల నిస్క్వాలీ బాలుడు బిల్లీ ఫ్రాంక్ అరెస్టయ్యెను. అతనిని ఆ తరువాత ఏబదికి మించిన సారులు పట్టుకొనిరి.

1973లో సుప్రీంకోర్టు న్యాయమూర్తి విలియం డగ్లస్ ముడి విప్పెను. వలను పూర్తిగా కాదని గాలమునకు మాత్రము ఏటిని విడుచుట వివక్షయే అని ఆయన తీర్పు. అట్లని చివరి చేపవఱకు వలలో వేసికొను హక్కును ఒడంబడిక ఈయలేదనియు చెప్పెను. ఈ రెండవ మాట మొదటిదానికంటె తక్కువది కాదని మా తలంపు. మరుసటి ఏడు ఫిబ్రవరి 12న జిల్లా న్యాయమూర్తి జార్జి బోల్ట్ ఇంకను ముందుకు పోయి, గ్రుడ్లు పెట్టుటకు కావలసిన చేపలను విడిచిన పిమ్మట, పట్టదగినవానిలో సగము ఆదివాసులదనెను. అంతకు ముందు వారికి దక్కుచుండినది నూటికి అయిదు పాళ్లకు లోపే. కోపించినవారు ఆయన దిష్టిబొమ్మను ఉరితీసిరి. 1979లో సుప్రీంకోర్టు ఆ తీర్పును చాలవఱకు నిలిపెను. కాని సగము అనునది గరిష్ఠ పరిమితియే అని స్పష్టము చేసెను.

గాలమువారి వాదమును కొట్టిపారవేయరాదు. పెంపకశాలలలో చేపపిల్లలను పెంచి ఏటిలో విడుచుటకు తాము కట్టిన లైసెన్సు రుసుమే ఆధారమనిరి. అది నిజమే. అయితే ఆనకట్టలవలన, అడవుల నరకుటవలన నశించిన సహజసంతతి ఎవరి సొమ్ము? పెంచిన చేపలు దానికి బదులే గనుక వానియందును ఆదివాసులకు పాలు కలదని 1980లో న్యాయమూర్తి ఆరిక్ నిర్ణయించెను. ఇది న్యాయమని మాకు తోచును.

ఇప్పుడు రాష్ట్రమును తెగలును కలిసి ఏటేట చేపల రాకను అంచనా కట్టి పంచుకొనుచున్నవి. పంచుకొనుటకు చేపలే తగ్గిపోయినవి. ప్యూజెట్ సౌండ్ ప్రాంతపు స్టీల్‌హెడ్‌ను 2007లో ముప్పునకు లోనైన జాతులలో చేర్చిరి. పిమ్మట వ్యాజ్యము రోడ్ల క్రింది తూములపైకి మళ్లినది. చేపల దారికి అడ్డమైన తూములను రాష్ట్రము మార్చవలెనని 2013లో న్యాయస్థానము ఆజ్ఞాపించెను. 2018లో సుప్రీంకోర్టు న్యాయమూర్తులు నలుగురు నలుగురుగా చీలుటచే ఆ ఆజ్ఞయే నిలిచినది. మార్చవలసిన తూములు ఇంకను మిగిలియున్నవి.