ఒకే ఉత్తరం, రెండు తపాలాలు: సంస్థానాల తపాలా బిళ్ళలు – నిజాం రాష్ట్ర సాక్ష్యం

భారతదేశంలో తపాలా బిళ్ళల చరిత్రను 1854తో ప్రారంభించడం పరిపాటి. అఖిల భారత స్థాయిలో చెల్లే బిళ్ళలు ఆ సంవత్సరమే వెలువడ్డాయి. అయితే ‘అఖిల భారత’మన్న మాట ఇక్కడ బ్రిటిష్ పాలిత ప్రాంతాలకే పూర్తిగా వర్తిస్తుంది. సంస్థానాధీశుల ఏలుబడిలోని భూభాగంలో పలుచోట్ల వేరే తపాలాలు నడిచాయి. 1864లో జునాగఢ్ ‘సోరఠ్’ పేరిట సొంత బిళ్ళలు ముద్రించింది. 1866లో జమ్మూకాశ్మీరు, 1869లో నిజాం రాష్ట్రం, 1888లో తిరువాన్కూరు, 1892లో కొచ్చి అదే బాట పట్టాయి. ఒకే దేశపు బిళ్ళలను సేకరించదలచినవాడికి అనేక రాజ్యాల బిళ్ళలు ఎదురవుతాయి.

సేకర్తలు ఈ సంస్థానాలను రెండు తెగలుగా విడదీస్తారు. పాటియాలా 1884లో బ్రిటిష్ తపాలాతో ఒప్పందం చేసుకొంది. గ్వాలియర్, నాభా, జీంద్, ఫరీద్‌కోట్, చంబా తరువాత ఆ వరుసలో చేరాయి. వీటి బిళ్ళలు బ్రిటిష్ ఇండియావే. సంస్థానం పేరు మాత్రం వాటిపై అదనంగా అచ్చయ్యేది. బ్రిటిష్ ఇండియా అంతటా అవి చెల్లాయి. రెండో తెగ సంస్థానాల బిళ్ళలు పొలిమేర దాటితే చెల్లవు. నిజాం రాష్ట్రం ఈ రెండో తెగలోనిది.

చెల్లుబాటు తేడా ఆల్బంలో కనిపించదు. కవరు మీద కనిపిస్తుంది. తుంగభద్ర ఒడ్డున ఉన్న ఆలంపురం ఆనాడు నిజాం రాష్ట్రంలోని రాయచూరు జిల్లాలో భాగం. నదికి ఆవలి కర్నూలు మద్రాసు రాజధానిలోనిది. ఆలంపురం నుండి ఎంతో దూరాన ఉన్న ఔరంగాబాదుకు ఉత్తరం వేస్తే నిజాం బిళ్ళ సరిపోతుంది. కనుచూపు మేరలోని కర్నూలుకు వేస్తే అది చాలదు. బ్రిటిష్ తపాలా రుసుమూ చెల్లించాలి, లేకుంటే అది అందుకొన్నవారి నెత్తిన పడుతుంది. రెండు ప్రభుత్వాల బిళ్ళలు పక్కపక్కనే అంటించిన కవర్లు సంస్థానాల తపాలా చరిత్రలో ఇందుకే పుట్టాయి. సేకర్తలలో చాలాకాలం సాగిన అలవాటు కవరును నీళ్ళలో నానబెట్టి బిళ్ళను ఊడదీయడం. దానితో బిళ్ళ దక్కుతుంది. అది ఎక్కడినుండి ఎక్కడికి, ఏ రెండు తపాలాల చేతులు మారి పోయిందో చెప్పే ఆధారం పోతుంది. చరిత్రకారుడి దృష్టిలో ఇది లాభం లేని బేరం.

తెలుగు పరిశోధకుడికి నిజాం బిళ్ళలతో మరింత దగ్గరి పని ఉంది. 1871 నాటి బిళ్ళల నమూనాను సేకర్తలు ‘అస్థిపంజరం’ అని పిలుస్తారు. వాటిపై వెల ఆంగ్ల, ఉర్దూ లిపులతో పాటు తెలుగు, మరాఠీలలోనూ ఉంది. అప్పటికి రాష్ట్ర పాలనాభాష ఫారసీ. 1884లో ఆ స్థానం ఉర్దూకు దక్కింది. ప్రభుత్వ కార్యాలయాల ఉత్తరాలకోసం 1873 నుండి బిళ్ళలపై ‘సర్కారీ’ అన్న మాటను ఉర్దూలో అచ్చువేశారు. అంటే దఫ్తరులో చోటు దొరకని తెలుగుకు అణా బిళ్ళ మీద చోటు దొరికింది. దీన్ని పాలకుల భాషాభిమానంగా చదవడం తొందరపాటే. డబ్బు చెల్లించేవాడు తానేం కొంటున్నాడో పోల్చుకోవాలి. ఆ అవసరమే తెలుగు లిపిని బిళ్ళ మీదికి తెచ్చిందనుకోవడం సబబు. 1918 నుండి వెలువడిన హైదరాబాదు కరెన్సీ నోట్లమీదా తెలుగు కనిపిస్తుంది. ప్రజల భాషను ఆ ప్రభుత్వం ఎరుగక కాదు. రుసుము వసూలుచేసే చోట గుర్తించిన భాషను పాలనలో పక్కనపెట్టింది. 1930లో జోగిపేటలో తొలి సమావేశం జరుపుకొన్న నిజాం రాష్ట్రాంధ్ర మహాసభ నేపథ్యాన్ని వివరించేవారు ఈ చిన్న కాగితపు ముక్కలనూ లెక్కలోకి తీసుకోవచ్చు.

1931 బిళ్ళలలో చార్‌మినార్, హైకోర్టు, ఉస్మాన్‌సాగర్, అజంతా గుహల ప్రవేశద్వారం వంటి దృశ్యాలు వచ్చాయి. 1937లో రజతోత్సవ సందర్భాన ఉస్మానియా ఆసుపత్రి, విశ్వవిద్యాలయం చేరాయి. ఇవన్నీ పాలకుడి వైభవాన్నీ ఆధునికతనూ చాటే ఎంపికలు. 1947 నాటి మూడణాల బిళ్ళ వీటిలో ప్రత్యేకమైనది. దానిపై ఉన్నది వరంగల్లు కోటలోని కాకతీయ తోరణం. ఆంధ్రోద్యమ రచయితలు తమ గతవైభవానికి చిహ్నంగా తలచుకొన్న కాకతీయుల కట్టడం, అసఫ్‌జాహీ ప్రభుత్వపు చివరి బిళ్ళలలో ఒకదానిపై నిలిచింది.

1948 సెప్టెంబరులో పోలీసు చర్యతో నిజాం పాలన ముగిసినా ఆయన తపాలా వెంటనే ఆగలేదు. రాష్ట్రపు బిళ్ళలు 1950 మార్చి చివరిదాకా అమలులో ఉన్నాయి. జనవరి 26న రాజ్యాంగం అమలులోకి వచ్చాక కూడా రెండు నెలలపాటు గణతంత్ర భారతంలో నిజాం బిళ్ళ అంటించిన ఉత్తరాలు నడిచాయన్నమాట. తిరువాన్కూరు–కొచ్చిలో సొంత తపాలా 1951 జూన్ వరకు సాగింది.

తెలుగు రచయితల లేఖలను ప్రకటించే సంపాదకులు సాధారణంగా తేదీ, ఊరు, పాఠం మాత్రమే నమోదు చేస్తారు. కవరు ప్రస్తావన అరుదు. తేదీ లేని ఉత్తరానికి కాలనిర్ణయం చేయవలసి వచ్చినపుడు తపాలా ముద్ర ఎంత విలువైనదో వేరుగా చెప్పనక్కరలేదు. నిజాం రాష్ట్రం నుండి మద్రాసుకో బందరుకో వెళ్ళిన ఉత్తరాలలో ఆ ముద్రలు రెండు తపాలాలవీ ఉండే అవకాశం ఉంది. ఇళ్ళలోనూ గ్రంథాలయాలలోనూ మిగిలిన లేఖాసంపుటాలను జాబితా చేసేవారు బిళ్ళ వెల, ముద్ర, చిరునామా రాసిన లిపి అన్న మూడు అంశాలకు వేరే గడులు కేటాయించాలి. కవరును ఉత్తరం నుండి వేరుచేయరాదు.