ఆ కాగితం మనకూ కావాలి (మన బడుల చరిత్ర - 9)



మా వాడలో కమ్యూనిటీ హాలు అరుగు మీద నాలుగేళ్లు రాత్రిబడి నడిపాను. ఒకరోజు తనిఖీకొచ్చిన ఒక అధికారి పిల్లల నోటుపుస్తకాలు తెరవకుండానే "నీకు ట్రైనింగ్ ఉందా?" అని అడిగాడు. లేదన్నాను. "మరి నువ్వు టీచరువెట్లా అవుతావు?" అన్నాడు. ఆ రోజు నా కోపమంతా ఆ ట్రైనింగ్ కాగితం మీదే. ఫూలేని చదివాక, కోపపడాల్సింది దాని మీద కాదని అర్థమైంది.

సావిత్రీబాయిని మనం ఎట్లా తలుచుకుంటాం? పేడ విసిరినా, రాళ్లు విసిరినా బడికి వెళ్లిన తల్లిగా. నిజమే. కానీ ఆమె శిక్షణ పొందిన టీచరు అన్న మాట మన ఫ్లెక్సీల మీద ఉండదు. ఇంట్లో జోతిరావు దగ్గర అక్షరాలు నేర్చుకుని అక్కడితో ఆగలేదామె. అహ్మద్‌నగర్‌లో అమెరికన్ మిషనరీ సింథియా ఫరార్ నడిపిన సంస్థలోనూ, పుణే నార్మల్ స్కూల్లోనూ శిక్షణ తీసుకుంది. నార్మల్ స్కూలంటే పంతుళ్లను తయారుచేసే బడి. మనం ఆమె త్యాగానికి దండేశాం, ఆమె చదువును మరిచిపోయాం.

ఇప్పుడు 1882కి వద్దాం. చదువుల పరిస్థితిని విచారించడానికి వచ్చిన హంటర్ కమిషన్‌కి ఫూలే అక్టోబరు 19 తేదీతో ఒక వినతిపత్రం ఇచ్చాడు. అందులో ఏముంది? ప్రైమరీ బడుల్లో పంతుళ్లు దాదాపు అందరూ బ్రాహ్మణులే. నార్మల్ స్కూల్లో చదివినవాళ్లు కొద్దిమందే, మిగతా వాళ్లకు శిక్షణే లేదు. జీతం పది రూపాయలు దాటడం అరుదు. మహర్లు, మాంగుల పిల్లల్ని మిగతా పిల్లల పక్కన కూర్చోనివ్వరు. పుణేలో ఐదువేలకు పైగా ఉన్న ఆ జనానికి ఒకే ఒక్క బడి, హాజరు ముప్పై లోపు.

గమనించారా? ఆ రోజు ట్రైనింగ్ లేకుండా కుర్చీలో కూర్చున్నది ఎవరు? వాళ్లను "నువ్వు పంతులువెట్లా అవుతావు?" అని ఎవరూ అడగలేదు.

దీనికి ఫూలే చెప్పిన మందు "శిక్షణ వద్దు" అని కాదు. పంతుళ్లు శిక్షణ పొందినవాళ్లై ఉండాలన్నాడు. వీలైనంతవరకు సేద్యం చేసే కులాల నుంచి రావాలన్నాడు. అవసరమైతే నాగలి మేడి పట్టగలవాడు, జనంలో కలిసిపోయి వాళ్ల కష్టం తెలిసినవాడు కావాలన్నాడు. జీతం పన్నెండు రూపాయలకు తగ్గకూడదు, పెద్ద ఊళ్లలో పదిహేనో ఇరవయ్యో ఇవ్వాలన్నాడు. మన మనిషి, శిక్షణ, జీతం. మూడూ కలిపి అడిగాడు.

మన దగ్గర ఏం జరిగింది? 1990ల మొదట్లో నెల్లూరు అక్షరాస్యతా ఉద్యమంలో జీతం లేని వాలంటీర్లే ఊరూరా చదువు చెప్పారు. ఆ చదువులోంచే దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. అంత పని చేసిన ఆ వాలంటీర్లలో ఎంతమందిని సర్కారు తన ఖర్చుతో ట్రైనింగ్‌కి పంపింది? పనికి పిలిచేటప్పుడు "సేవ" అంటారు, ఉద్యోగం అడిగితే "అర్హత లేదు" అంటారు. ఇచ్చే నాలుగు రాళ్లకు "గౌరవ వేతనం" అని పేరు. గౌరవం మనకిచ్చి వేతనం వాళ్లే ఉంచుకుంటారు.

విద్యార్థి మిత్రులారా, "మాకు సర్టిఫికెట్ ఎందుకు" అని విదిలించుకోకండి. వాడలో పాఠం చెప్తున్న ప్రతి చెల్లికీ, తమ్ముడికీ సర్కారు ఖర్చుతో శిక్షణ ఇవ్వాలని, చేసిన పనిని అనుభవంగా లెక్కగట్టాలని, జీతం ఇవ్వాలని అడగండి. ఇది కొత్త కోరిక కాదు. 1882 నుంచి బాకీ.