ఉప్పు చెప్పిన సాక్ష్యం, తీపి చెప్పిన వయస్సు

బావినీరు తేటగా కనిపించినంత మాత్రాన అది నిర్దోషమని భావించకండి. చెత్తగుట్టపై కురిసిన వాన ఆ చెత్తలో నాని, మలినాలను వెంటబెట్టుకొని నేలలోకి ఇంకుతుంది. అది మన బావిని చేరిందో లేదో తేల్చే విద్యకు నూటముప్పై యేళ్లకు పైబడిన చరిత్ర ఉంది.

1887లో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్ర ఆరోగ్య మండలి జలాల పరీక్షను విస్తృతంగా చేపట్టింది. రసాయన శాస్త్రవేత్త ఎలెన్ స్వాలో రిచర్డ్స్ ఆ నమూనాలలోని క్లోరైడును, అనగా ఉప్పులోని అంశాన్ని, పరిశీలించారు. సముద్రతీరాన అది అధికం. లోపలికి పోయేకొద్దీ స్వల్పం. ఈ సహజ పరిమాణాలతో ఒక పటం తయారైంది. ఎక్కడైనా అంతకు మించి ఉప్పు కనిపిస్తే అక్కడ మనుషుల మురుగు కలిసిందని అనుమానించవచ్చు. క్లోరైడు మట్టికి అంటుకోదు, సూక్ష్మజీవులు దానిని హరించలేవు. నీరు నడిచినంత దూరం తానూ నడుస్తుంది.

కెనడాలోని బోర్డెన్ సైనిక స్థావరంలో 1940 నుండి 1976 వరకు చెత్త పోశారు. తరువాత అక్కడ పరిశోధకులు వేర్వేరు లోతులలో నీటిని తీసి పరీక్షించగా, క్లోరైడు జాడ సుమారు 700 మీటర్ల దూరం వ్యాపించినట్లు తేలింది.

అయితే ఉప్పు సముద్రం నుండీ, ఎరువుల నుండీ, మరుగుదొడ్ల గుంతల నుండీ కూడా రావచ్చు. ఈ చిక్కును కొంత విప్పినవి మధుమేహ రోగులకు పరిచితమైన కృత్రిమ తీపి పదార్థాలే. 1879లో బయటపడిన సాకరిన్, గాలి చొరని చెత్త గర్భంలో చాలాకాలం నిలుస్తుంది. అసిసల్ఫేమ్ అమెరికా ఆహారంలో 1988లో అనుమతి పొందింది. అందువల్ల అక్కడి చెత్తగుట్ట పక్కన సాకరిన్ అధికంగా ఉండి అసిసల్ఫేమ్ లేకుంటే, ఆ మలినం పాతకాలపు చెత్తదని ఊహించవచ్చు. కెనడా పరిశోధకులు పాత చెత్తగుట్టల సమీప జలాలలో సాకరిన్‌నే ప్రధానంగా గుర్తించారు.

ఒక్క సంగతి మరువకండి. ఈ జాడలు మనకు హాని చేసేవి కావు; వాటి వెంట వచ్చే భారలోహాలు, ద్రావక రసాయనాలు హానికరం. నీటిని కాచితే క్రిములు చస్తాయి గాని లోహాలు పోవు.

మీ బావి డంపింగ్ యార్డుకు సమీపంలో ఉంటే క్లోరైడు, అమ్మోనియా, లోహాలకు పరీక్ష చేయించండి. యార్డుకు ఎగువనున్న మరొక బావి నీటినీ పరీక్షకు ఇచ్చి రెండింటినీ పోల్చండి. ఒంటరి అంకె సాక్ష్యం కాదు, పోలికే సాక్ష్యం. రిచర్డ్స్ పటం మనకు నేర్పిన పాఠం ఇదే.