చుక్కకు తోక, అంచుకు మరక

ఫ్లెక్సీ షాపుల్లో గొడవలు ఎక్కువగా రెండు విషయాల మీదే వస్తాయి. ఒకటి, తెల్లగా ఉండాల్సిన చోట ఆవాలు చల్లినట్టు పడే సన్నటి చుక్కలు. రెండోది, అక్షరం మీదుగా పక్కకు సాగిన మరక. నాయకుడి తెల్లచొక్కా నిండా మెజెంటా చుక్కలు పడితే పుట్టినరోజు బ్యానరు కోసం వచ్చిన కుర్రాళ్లు ఊరుకోరు. ఓనరు మెషీన్‌ను తిడతాడు, ఆపరేటరు ఇంకును తిడతాడు, ఇంకు అమ్మినవాడు షాపులో ఎర్తింగు సరిగ్గా లేదంటాడు. ముగ్గురి మాటలోనూ కొంత నిజం ఉంటుంది. కానీ ఆ చుక్కా ఆ మరకా ఆ మెషీన్ కంటే చాలా పాతవి. అసలు ఇంక్‌జెట్ ప్రింటరనేది పుట్టిందే వాటితో పోట్లాడుతూ.

ముందు చుక్క సంగతి. వంటింటి కుళాయిని బాగా సన్నగా తిప్పి చూడండి. పైన నున్నగా దిగిన ధార కిందికి వచ్చేసరికి తెగి చుక్కలవుతుంది. దీన్ని పట్టుకుని కూర్చున్నవాడు ఫ్రాన్సులో ఫెలిక్స్ సవర్ట్. ఇంటర్‌లో బయోట్-సవర్ట్ నియమం బట్టీ పట్టినవాళ్లకు ఈ పేరు గుర్తుండాలి, ఆయనే ఈయన. ధార తెగడం ఇష్టమొచ్చినట్టు జరగదనీ, అందులో ఒక క్రమం ఉందనీ 1833లో ఆయన రాశాడు. పక్కన తీగవాద్యం మీద ఒక స్వరం పలికించినా ధార తెగే తీరు మారిపోవడం గమనించాడు. పెద్ద చుక్కకూ పెద్ద చుక్కకూ మధ్య ఒక బుల్లి చుక్క ఉండటం కూడా అప్పుడే కనిపించింది. మన నాయకుడి చొక్కా పాడుచేసింది ఆ బుల్లి చుక్క వంశమే.

దానికి కారణం వెతికినవాడు బెల్జియంలో జోసెఫ్ ప్లాటో. ఈయన కథ చిత్రమైనది. 1843 నాటికి చూపు పూర్తిగా పోయింది. అయినా ద్రవాల ఆకారాల మీద ప్రయోగాలు దశాబ్దాల పాటు నడిపించాడు. ఇంట్లోవాళ్లు, తోటి పరిశోధకులు చూసి చెబుతుంటే ఆయన ఆలోచించి, తర్వాత ఏం చెయ్యాలో చెప్పేవాడు. నీళ్లూ ఆల్కహాలూ సరిపాళ్లలో కలిపి, అందులో నూనెను బరువు తెలియకుండా తేలేలా చేసి, దాన్ని స్తంభంలా సాగదీయించాడు. స్తంభం పొడవు దాని అడ్డుకొలతకు మూడు రెట్లు కాస్త దాటిందా, ఇక నిలవదు. నడుం సన్నబడి తెగిపోతుంది. తలతన్యత ఎప్పుడూ తక్కువ ఉపరితలం కోసమే చూస్తుంది. పొడుగాటి ధారగా ఉండటం కంటే గుండ్రటి చుక్కలుగా విడిపోవడమే దానికి చవక.

1878లో ఇంగ్లండులో లార్డ్ రేలీ దీనికి లెక్క కట్టాడు. ధార మీద పుట్టే అలల్లో అన్నీ ఒకే వేగంతో పెరగవు. జిగట లేని ద్రవంలో అడ్డుకొలతకు దాదాపు నాలుగున్నర రెట్లు పొడవున్న అల అన్నిటికంటే త్వరగా పెరిగి ధారను తెంపుతుంది. తెగేముందు రెండు చుక్కల మధ్య నడుం దారంలా సాగుతుంది. ఆ దారం రెండు చివర్లా తెగితే మధ్యలో మిగిలిన ముక్క తనంతట తాను గుండ్రబడి బుల్లి చుక్కవుతుంది. ప్రింటింగ్ ఇంజనీర్లు దాన్ని శాటిలైట్ అంటారు, అంటే ఉపగ్రహం.

ఇక మరక. రాసేది కాగితాన్ని తాకితే పడేదే మరక; ఆ తాకిడితో పోరు మొదలైంది సముద్రం అడుగున. 1866లో అట్లాంటిక్ కింద వేసిన టెలిగ్రాఫ్ తీగ పనిచేయడం మొదలుపెట్టింది గానీ, అవతలి ఒడ్డుకు చేరే కరెంటు మరీ బలహీనం. అద్దం మీంచి పడే వెలుగుచుక్క ఎటు కదిలిందో గుమాస్తా కళ్లార్పకుండా చూసి రాసుకోవాలి. కాగితం మీద దానంతటదే రాసుకునే పరికరం కావాలి. కానీ పెన్ను కాగితాన్ని తాకితే ఆ రాపిడికే సంకేతం చచ్చిపోతుంది. తర్వాత లార్డ్ కెల్విన్ అయిన విలియం థామ్సన్ 1867లో సైఫన్ రికార్డరుకు పేటెంటు తీసుకున్నాడు. వెంట్రుకలాంటి గాజుగొట్టం ఒక కొన సిరాలో మునిగి ఉంటుంది, రెండో కొన కదిలే కాగితపు పట్టీకి కాస్త ఎడంగా వేలాడుతుంది. సిరాకు స్థిరవిద్యుత్తు ఎక్కిస్తే అది కాగితం మీదికి చుక్కలు చుక్కలుగా దూకుతుంది. గొట్టం మాత్రం కాగితాన్ని తాకదు.

సిరాతో రాయాలి, కానీ తాకకూడదు. వందేళ్ల తర్వాత వచ్చిన ప్రతి ఇంక్‌జెట్‌కూ మూలసూత్రం ఇదే. నా ఉద్దేశంలో ఇంక్‌జెట్ చరిత్ర మొదలు పెట్టాల్సింది కూడా ఇక్కడినుంచే. మామూలుగా జపాన్ కంపెనీలతో మొదలుపెడతారు.

కెల్విన్ యంత్రానికీ ట్రబుల్‌షూటింగ్ తప్పలేదు. కేబుల్ స్టేషన్లు ఉండేవి సముద్రపు ఒడ్డునే. గాలిలో తేమ పెరిగితే స్థిరవిద్యుత్తు కారిపోయేది, సిరా దూకేది కాదు. చివరికి ఆ విద్యుత్తు గొడవే వదిలేసి, గొట్టాన్ని సన్నగా కంపింపజేసే కట్రిస్ పద్ధతి వచ్చింది.

స్వీడన్‌లో రూనే ఎల్మ్‌క్విస్ట్‌కు ఇదే తలనొప్పి గుండె దగ్గర ఎదురైంది. ఈసీజీ గీసే పెన్నుకు బరువుంటుంది, రాపిడి ఉంటుంది. గుండె సంకేతంలోని వేగమైన మలుపులను అది అందుకోలేదు. సన్నటి గాజు నాజిల్‌ను అయస్కాంతంతో ఊపుతూ సిరాధారను కాగితం మీదికి చిమ్మే ఏర్పాటుకు 1951లో ఆయనకు అమెరికా పేటెంటు దక్కింది. ఆ పరికరం పేరు మింగోగ్రాఫ్. 1958లో మనిషి శరీరంలో అమర్చిన తొలి పేస్‌మేకర్‌ను తయారుచేసింది కూడా ఈయనే. ఒక మనిషి ఖాతాలో ఈ రెండూ ఉండటం తలుచుకుంటే ఆశ్చర్యమేస్తుంది.

రేలీ లెక్కను యంత్రంగా మార్చినవాడు మాత్రం స్టాన్‌ఫర్డ్‌లో రిచర్డ్ స్వీట్, 1960ల నడుమ. ధార ఎలాగూ తెగుతుంది కదా, మనం చెప్పిన తాళానికి తెగమందాం అనుకున్నాడు. నాజిల్‌ను కంపింపజేసి సమానమైన చుక్కలు రాబట్టాడు. తెగే క్షణంలో ఒక్కో చుక్కకు కావలసినంత విద్యుదావేశం ఇచ్చి, రెండు పలకల మధ్యనుంచి పంపి పక్కకు తిప్పాడు. ఆ పద్ధతిలో అక్కర్లేని చుక్కలు దొప్పలో పడి మళ్లీ ట్యాంకుకు చేరతాయి. నీళ్ల సీసా మీద, మందుల పెట్టె మీద చుక్కలు చుక్కలుగా కనిపించే తేదీలు చాలామటుకు ఈ కుదురుకు చెందినవే.

ఎడతెగని ధార ఎందుకు, అడిగినప్పుడు ఒక్క చుక్క చాలదా అన్న ఆలోచన 1970లది. జోల్టాన్ 1972లో, కైజర్, సియర్స్ 1976లో పేటెంట్లు పొందారు. కరెంటు తగలగానే ఆకారం మారే పీజో పింగాణీతో సిరాను నొక్కడం వాళ్ల మార్గం. 1977లో కేనన్ ప్రయోగశాలలో ఇచిరో ఎండో బృందానికి ఇంకో దారి దొరికింది. కాలుతున్న సోల్డరింగ్ ఐరన్ పొరపాటున సిరా ఉన్న సిరంజి సూదికి తగిలింది, సిరా చిమ్మింది. వేడికి బుడగ పుట్టి చుక్కను తోస్తుందన్నమాట. హ్యూలెట్-ప్యాకర్డ్‌లో జాన్ వాట్ కూడా 1979లో విడిగా ఇదే కనిపెట్టాడు. 1984లో వాళ్ల థింక్‌జెట్ వచ్చింది, దాని హెడ్‌కు ఉన్నవి పన్నెండు నాజిళ్లు.

ఇక్కడే బుల్లి చుక్క మళ్లీ తలెత్తింది. నాజిల్‌నుంచి బయటపడే ప్రతి చుక్కా ఒక తోకతో వస్తుంది. ఆ తోక పూర్తిగా తలలో కలిసిపోతే మంచిదే. మధ్యలో తెగిందంటే ప్లాటో నూనెస్తంభానికి జరిగిందే దానికీ జరుగుతుంది. ఏది జరగాలో తేల్చేవి సిరా జిగట, సాంద్రత, తలతన్యత, నాజిల్ కొలత. ఈ నాలుగింటి తూకాన్ని ఒక్క అంకెలో పెట్టే సూత్రం 1936లోనే ఓనెజోర్గె అనే జర్మన్ ఇంజనీరు ఇచ్చాడు. సిరా మరీ చిక్కనైతే చుక్క నాజిల్‌ను వదలదు, మరీ పలచనైతే తోక ముక్కలవుతుంది. వేసవి మధ్యాహ్నం షాపులో వేడెక్కిన సిరా పలచబడి ఉదయం లేని చుక్కలు చల్లడానికి కారణం ఇదే. సీసాలో అడుగంటిన సిరాకు ఎవరో సలహా ఇచ్చారని సాల్వెంట్ కలిపి లాగించేవాళ్లు ఈ సూత్రంతోనే గొడవ పెట్టుకుంటున్నారు.

వెడల్పు ప్రింటింగ్‌కు వస్తే, అంతకుముందు పెద్ద కాగితం మీద గీసేది పెన్ ప్లాటరు. అది తాకే గీస్తుంది. 1990ల మొదట్లో హ్యూలెట్-ప్యాకర్డ్ డిజైన్‌జెట్, ఎన్‌క్యాడ్ నోవాజెట్ లాంటివి వచ్చి దాన్ని పక్కకు నెట్టాయి. అప్పటికే అచ్చుకు ముందు ప్రూఫు చూసుకోవడానికి ఐరిస్ అనే పెద్ద ఇంక్‌జెట్ ఉండేది. కాగితాన్ని డ్రమ్ముకు చుట్టి తిప్పుతూ ముద్రించేది. గాయకుడు గ్రాహమ్ నాష్‌కు ఫొటోల పిచ్చి. తన ఫొటోలను మందపాటి జలవర్ణాల కాగితం మీద ముద్రించాలనుకున్నాడు. అంత మందం హెడ్ కింద పట్టదు, తగులుతుంది. ఆయన, మిత్రుడు మాక్ హోల్బర్ట్ కలిసి ఏం చేశారయ్యా అంటే, 1,26,000 డాలర్ల యంత్రం హెడ్ల భాగాన్ని రంపంతో కోసి వెనక్కి జరిపారు. వారంటీ పోయింది. కాలిఫోర్నియాలో 1991లో వాళ్లు పెట్టిన నాష్ ఎడిషన్స్ కళాకారుల ఇంక్‌జెట్ ప్రింట్లకు ఒరవడి అయింది. ఆ యంత్రం తర్వాత స్మిత్‌సోనియన్ మ్యూజియానికి చేరింది. హెడ్‌కూ మీడియాకూ, అంటే కింద ముద్రించే కాగితానికో ప్లాస్టిక్‌కో, మధ్య ఖాళీ అనే విషయానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నేను చూడలేదు.

2000 తర్వాత మన ఊళ్లలోకి పదడుగుల సాల్వెంట్ మెషీన్లు దిగి, కుంచెతో గుడ్డ బ్యానర్లు రాసేవాళ్ల చేతిలో పనిని లాగేసుకున్నాయి. వాటిలో చాలావాటికి కోనికా మినోల్టా 512 రకం హెడ్లు. ఒక్కో హెడ్‌కు 512 నాజిళ్లు. ఇప్పుడు అలాంటి మెషీన్ ముందు నిలబడి, ఇంతసేపూ చెప్పుకున్నదాన్ని పనిలో పెట్టి చూద్దాం.

హెడ్ మీడియాకు 2 మిల్లీమీటర్ల ఎత్తులో ఉందనుకోండి. అసలు చుక్క సెకనుకు 6 మీటర్ల వేగంతో, శాటిలైట్ 4 మీటర్లతో దిగుతున్నాయనుకుందాం. హెడ్‌ను మోసే క్యారేజ్ సెకనుకు ఒక మీటరు పరిగెడుతోంది. శాటిలైట్ దాదాపు సెకనులో ఆరువేల వంతు ఆలస్యంగా దిగుతుంది. ఆ లోపల క్యారేజ్ వేగంతోనే పక్కకు కొట్టుకుపోయి, అసలు చుక్కకు మిల్లీమీటరులో ఆరో వంతు దూరంలో పడుతుంది. కంటికి కనబడే దూరమే. అందుకే చుక్కలు కనిపించగానే హెడ్ క్లీనింగ్ నొక్కడం కంటే ముందు చెయ్యాల్సింది ఒకటుంది. ఒక చిన్న అక్షరాన్ని ఒకే దిక్కు పాసులో ముద్రించి భూతద్దంతో చూడండి. చుక్కలన్నీ క్యారేజ్ వెళ్లిన వైపే ఉంటే అవి శాటిలైట్లు. హెడ్ కాస్త దించండి, వేగం తగ్గించండి, ఆ సిరాకు చెప్పిన వోల్టేజీ, ఉష్ణోగ్రత ఉన్నాయో లేదో చూడండి. అన్ని వైపులా పొగమంచులా ఉంటే అనుమానం స్థిరవిద్యుత్తు మీదికి పోవాలి. ప్లాస్టిక్ రోలు విప్పుకుంటున్నప్పుడు రాపిడికి ఆవేశం పుడుతుంది, గాలి పొడిగా ఉంటే అది పోదు, తేలికైన శాటిలైట్లను ఇష్టమొచ్చిన చోటికి లాక్కుంటుంది. కెల్విన్ కోరి తెచ్చుకున్న బలమే ఇక్కడ శత్రువు. ఆయన పనిని చెడగొట్టిన తేమ ఇక్కడ మందు. అందుకే ఏసీ గదిలో తేమ కాస్త పెంచమని, మెషీన్‌కు ఎర్తింగ్ సరిచూసుకోమని మెకానిక్కులు చెబుతారు. ఇంకు అమ్మినవాడు చెప్పిన ఎర్తింగు మాట ఇక్కడ నిజమే.

చుక్కలు కాస్త పెద్దవిగా, అక్కడొకటి ఇక్కడొకటి పడుతుంటే కథ వేరు. నాజిల్‌లో సిరా ఒలకకుండా వెనక్కి పట్టి ఉంచేది స్వల్పమైన రుణపీడనం. హెడ్‌కు సిరా అందించే సబ్ ట్యాంకులో మట్టం పెరిగినా, పంపు వదులైనా ఆ పట్టు పోయి, సిరా హెడ్ ముఖం మీద చెమ్మగా పరుచుకుంటుంది. అలాంటప్పుడు ఎన్నిసార్లు తుడిచినా మళ్లీ చెమ్మ వస్తూనే ఉంటుంది.

మరకకు దిక్కే సాక్ష్యం. క్యారేజ్ నడిచే వైపు సాగితే హెడ్‌గానీ, దానికి అంటుకున్న పీచుగానీ తగులుతోంది. రోలు నడిచే వైపు సాగితే ఆరని సిరాను రోలర్లు తొక్కుతున్నాయి. మరక అంచుల్లోనే ఉంటే అక్కడ మీడియా లేస్తోందన్నమాట. రోలు చివరికొచ్చేసరికి గొట్టానికి బిగిసిన వంకర పోదు కాబట్టి, అదే రోలు మొదట్లో బాగుండి చివర్లో మరకలు పెట్టడం మామూలే. నీటి సిరాతో కాగితం మీద ముద్రిస్తే నడిమధ్యలోనూ రావచ్చు, పీచు నీళ్లు తాగి ఉబ్బి అలలు లేస్తుంది, ఆ అల హెడ్‌ను ముట్టుకుంటుంది. అక్కడ తగ్గించాల్సింది సిరా. చాలామంది ముందు హీటరు పెంచుతారు, దాంతో ముడతలు ఇంకా లేస్తాయి.

హెడ్ ఎత్తితే మరక పోతుంది, చుక్క పెరుగుతుంది. దించితే చుక్క తగ్గుతుంది, మరక భయం పట్టుకుంటుంది. అనుభవమున్న ఆపరేటర్లు ఈ బేరాన్ని బ్యానరు ఎక్కడ కడతారో అడిగి తేల్చుకుంటారు. సెంటర్లో ముప్ఫై అడుగుల ఎత్తున కట్టేదైతే హెడ్ ఒక గీత పైకి లేపి, స్పీడు పెంచి లాగించేస్తారు. ఆ ఎత్తులో నాయకుడి చొక్కా మీది చుక్క కిందున్నవాళ్లకు కనబడదు. నగల షాపు కౌంటరు మీద పెట్టే బోర్డయితే మీడియా అంచులకు టేపు వేసి, హెడ్ దించి, ఒకే దిక్కు పాసులో నిదానంగా ముద్రించి, రేటు కూడా ఆ మేరకు ఎక్కువే అడుగుతారు.